పచ్చి ఆహారము - పచ్చఖాణము



బీదరు జిల్లా, భాల్కి తాలూకాలోని ఖటక్ చించోళి వంటి ఊరిలో పప్పుధాన్యముల కొట్టు నడుపుకొను ఒక శ్రావకుని ఊహించుకొనుడు. వయస్సు యాభై దాటినది; ఒళ్లు బరువెక్కినది. పొయ్యి తగులని ఆహారమే ఆరోగ్యమని ఎవరో చెప్పగా విన్నాడు. కొట్టులోని పెసలనే నానవేసి, మొలకెత్తించి, తేనె కలిపి తినబోయినాడు. “అగ్నికాయ జీవుల హింస కూడ తప్పినది గదా!” అని మురిసినాడు. తల్లి గిన్నె చూచి, “నాయనా, మొలక అనంతకాయము. తేనె మనకు నిషిద్ధము. ఇదేమి అహింసరా?” అని అడిగినది. కొడుకునకు మాట రాలేదు.

ఈ ప్రశ్న నేడు మన ఇండ్లలో అనేకులకు ఎదురగుచున్నది. కనుక విచారింపవలెను.

పచ్చిదెల్ల శుద్ధమనుకొనుట పొరపాటు. మన శాస్త్రము వస్తువును సచిత్తము, అచిత్తము అని విడదీసినది. కాచని నీరు, పచ్చి ఆకు జీవముగలవి. అందుచేతనే సాధుసాధ్వులు కాచిన నీటినే స్వీకరింతురు. అష్టమి, చతుర్దశి తిథులలో మన స్త్రీలు పచ్చికూరలు మానుదురు. ఆయంబిల్ నాడు నెయ్యి, పాలు, పెరుగు, నూనె, బెల్లము లేని వండిన ధాన్యమునే తిందురు. మరి వంటలో హింస లేదా? కలదు. పొయ్యి వెలిగించినను హింసయే, ఆకు త్రుంచినను హింసయే. గృహస్థునకు పూర్తిగా తప్పదు. తగ్గించుకొనుటయే అతని ధర్మము.

ఇందుకు మహాత్మా గాంధీగారి జీవితములో ఒక దృష్టాంతము కలదు. 1929లో ఆంధ్రదేశ పర్యటనలో రాజమహేంద్రవరమునకు చెందిన సుందరం గోపాలరావుగారి వలన వారికి వండని ఆహారముపై ఆసక్తి కలిగినది. మొలకెత్తిన గోధుమలు, బాదముపప్పు ముద్ద, పచ్చి ఆకులు, నిమ్మపండ్లు, తేనె తినుచు ప్రయోగము సాగించిరి. ఆ సంవత్సరమే ఆగస్టులో విరేచనముల వ్యాధి రాగా ప్రయోగము మానివేసిరి. ఆ సంగతిని దాచక తమ పత్రికలోనే ప్రకటించిరి.

అయితే 1915లో హరిద్వార కుంభమేళాలో వారు మరియొక నియమము పూనిరి: దినమునకు ఐదు వస్తువులకు మించి తినరాదు, చీకటి పడిన పిదప భుజింపరాదు. ఆ వ్రతమును మాత్రము విడువలేదు. ప్రయోగము దేహమునకు సంబంధించినది. సరిపడనప్పుడు మానుటలో దోషము లేదు. వ్రతము జిహ్వకు పెట్టిన కళ్లెము. రెంటిని ఒకే ఖాతాలో వ్రాసికొనరాదు.

రాత్రిభోజన త్యాగము మనకు క్రొత్తది కాదు. శ్రావకులు ప్రతిదినము తలచుకొను పదునాలుగు నియమములలో మొదటిది సచిత్తము, రెండవది ద్రవ్యము. అనగా, నేడు సచిత్త వస్తువులెన్ని, మొత్తము వస్తువులెన్ని అని ఉదయమే లెక్క కట్టుకొనుట. కొట్టులో దమ్మిడీకి లెక్క వ్రాయు వర్తకుడు కంచములోనికి వచ్చిన దానికి లెక్క వ్రాయకుండుట వింత గాదా? నలువది వస్తువులు పచ్చిగా తిన్నవానికన్న, నాలుగు వస్తువులు వండుకొని, ఆకలికి రెండు ముద్దలు తక్కువగా తిని లేచినవాడే తపస్సునకు సమీపుడు. దానినే ఊనోదరి అన్నారు.

దోసకాయ, అరటిపండు, ద్రాక్ష వంటివి దేహమునకు హితమైనచో మితముగా తినవచ్చును. వ్యాధిగ్రస్తులు వైద్యుని అడిగియే మార్పు చేయవలెను. కాని దానిని పుణ్యమని చెప్పుకొని, వండుకొని తిను తల్లిని, ఇల్లాలిని చిన్నచూపు చూచినచో, ఆహారము తేలికయై అహంకారము బరువెక్కును. అది లాభము లేని బేరము.

ఆ శ్రావకుడు ఏమి చేయవలెను? మొలకల గిన్నె ప్రక్కనబెట్టి, తల్లి పాదములకు మ్రొక్కి, సూర్యాస్తమయమునకు ముందే కొట్టు నుండి ఇంటికి చేరి, ఆమె ప్రక్కన కూర్చుండి ఐదు వస్తువులతో భుజింపవలెను. బేరము వచ్చు వేళ కొట్టు విడిచి లేచుటయే కష్టము. ఆ కష్టమే వ్రతము.

జై జినేంద్ర!