శరణార్థి – కుటుంబ ధర్మము

వీరశైవులు పరస్పరము కలిసికొన్నపుడు “శరణు శరణార్థి” యని నమస్కరింతురు. ఎదుటివానియందు శివుని గాంచి పలుకు ఆ మాటయే, ప్రాణభయమున దేశము విడిచినవానికి నేడు పేరైనది. ఈ పోలిక కేవలము శబ్దమునకు చెందినది కాదు. 12వ శతాబ్దిలో కల్యాణమున కల్లోలము చెలరేగగా శరణులు దిక్కులకు చెదరిపోయిరి. బసవేశ్వరుని పిలుపునందుకొని కూడలసంగమమునకు బయలుదేరిన నీలాంబిక, కృష్ణాతీరమున తంగడగి యొద్దనే లింగైక్యమొందెనని సంప్రదాయము చెప్పుచున్నది. విడివడిన కుటుంబముల వేదన శరణ సంతతికి క్రొత్తది కాదు.

నేడు ఆ వేదనకు చట్టము అడ్డముగానో అండగానో నిలుచుచున్నది. 1951 నాటి శరణార్థుల ఒడంబడికలో కుటుంబ పునస్సమాగమమునకు నిబంధన లేదు. దానిని ఆమోదించిన మహాసభ కుటుంబైక్యతను కాపాడుడని సిఫారసు మాత్రము చేసినది. ఐరోపా సమాజము 2003లో చేసిన శాసనము భార్యాభర్తలను, అవివాహితులైన మైనరు బిడ్డలను కుటుంబముగా గుర్తించి, ఒంటరిగా వచ్చిన బాల శరణార్థి తన తల్లిదండ్రులను రప్పించుకొనవచ్చునన్నది. బ్రిటన్ నియమములు బాలునకు ఆ అవకాశము నీయలేదు. 2025 సెప్టెంబరులో అచ్చట శరణార్థి కుటుంబముల క్రొత్త దరఖాస్తుల స్వీకరణమే నిలిపివేయబడినది.

అట్లయిన పరీక్షయే వలదందుమా? వలయును. బాలలను అమ్ముకొనువారును, దొంగ బంధుత్వము చెప్పువారును లోకమున కలరు. తండ్రినని వచ్చినవాడు నిజముగా తండ్రియేనా యని విచారించుట బాలుని రక్షించుటయే. బసవ ధర్మమునందును దాసోహము ఆచారమును విడిచినది కాదు.

కాని పరీక్షకును ఒక ధర్మము కలదు. అది వంచకుని ఆపవలెను, సత్యవంతుని శిక్షింపరాదు. మండుచున్న ఇంటినుండి కట్టుబట్టలతో పరుగెత్తినవానిని వివాహపత్రమేదని అడిగి, లేదన్నంతనే త్రోసిపుచ్చుట అతని ఆపదనే నేరముగా లెక్కించుట. 2003 శాసనము ఈ సూక్ష్మమును గ్రహించినది: పత్రములు లేవను ఒక్క కారణమున నిరాకరింపరాదు, ఇతర సాక్ష్యములను చూడవలెను. శరణు కోరిన నాటికి బాలయై, విచారణ సాగుచుండగా 18 ఏండ్లు నిండినంత మాత్రమున ఆమె తల్లిదండ్రులను పిలిపించుకొను హక్కు పోదని ఐరోపా న్యాయస్థానము 2018లో తీర్పు చెప్పినది. అధికారుల ఆలస్యము బిడ్డ దోషము కాదు గదా!

మరియొక చిక్కు కలదు. యుద్ధమున మరణించిన అన్న బిడ్డను తన బిడ్డగా పెంచిన స్త్రీ రక్తపరీక్షలో తల్లి కాజాలదు. జన్మముకంటె ఆచారసంబంధము గొప్పదని చాటిన బసవేశ్వరుని అనుయాయులు ఆమెను తల్లి కాదనగలరా? కనిన రక్తముతోపాటు పెంచిన చేతులను గూడ నియమము లెక్కింపవలెను.

ఈ వివేకమును గృహస్థులును మఠములును తమ వాకిటనే అభ్యసింపవచ్చును. వచ్చినవానిని విచారించుట తప్పు కాదు. ముందు కూర్చుండబెట్టి, అన్నము పెట్టి, పిదప విచారించుటయే శరణ మార్గము.