పళ్లు కట్టించుకోవడానికి ఏ దేశమైతేనేం?

అమెరికాలోని యూమా పట్నం నుంచి కొద్ది మైళ్లు పోతే మెక్సికో సరిహద్దు వస్తుంది. క్వెచాన్ తెగవారి పార్కింగ్ స్థలంలో కారు పెట్టి, గేటు దాటి నడిస్తే లాస్ అల్గొదోనెస్. జనాభా కొన్ని వేలు, దంతవైద్యులు మాత్రం వందల్లో ఉంటారు. అందుకే అమెరికన్లు దాన్ని ‘మోలార్ సిటీ’ అంటారు, దవడ పళ్ల పట్నం అన్నమాట. బోర్డులు ఇంగ్లీషులో, ధరలు డాలర్లలో కనిపిస్తాయి. చలికి తట్టుకోలేక అరిజోనా ఎండకు దిగివచ్చిన ముసలివాళ్లు పొద్దున్నే గేటు దాటి, పంటికి క్యాప్ వేయించుకుని, పనిలో పనిగా కళ్లజోడూ మందులూ కొనుక్కుని సాయంత్రానికి తిరుగుముఖం పడతారు.

వీళ్లు చేస్తున్నది ధర్మమేనా? సొంత దేశంలో భరించలేని వైద్యాన్ని, తక్కువ కూలి ఉన్న దేశంలో కొనుక్కోవడంలో ఎవరికైనా అన్యాయం జరుగుతోందా?

వాళ్లు శ్రీమంతులైతే జవాబు తేలికగానే దొరికేది. కాని వాళ్లలో ఎక్కువమంది పింఛను మీద బతికేవాళ్లు. వృద్ధుల కోసం 1965లో అమెరికా తెచ్చిన మెడికేర్ చట్టం గుండెనూ మూత్రపిండాలనూ కలుపుకుంది కాని మామూలు పంటి వైద్యాన్ని బయటే ఉంచింది. బ్రిటన్ కథ మరోలా నడిచింది. 1948లో అందరికీ ఉచితమంటూ మొదలైన జాతీయ ఆరోగ్య సేవ, మూడేళ్లకే కట్టుడు పళ్లకూ కళ్లజోళ్లకూ రుసుము పెట్టింది. ఆ సేవకు ప్రాణం పోసిన మంత్రి అనైరిన్ బెవాన్ అందుకు నిరసనగా 1951 ఏప్రిల్‌లో రాజీనామా చేశాడు. పళ్ల సెట్టు కోసం మంత్రి పదవి వదులుకోవడం చరిత్రలో అరుదు. శరీరంలో నోరు భాగం కాదన్నట్టు నడుచుకునే ప్రభుత్వాలకు, సరిహద్దు దాటేవాళ్లను తప్పుపట్టే హక్కు లేదు.

ఇక రెండో పక్షం, చికిత్స చేసే పేద దేశం. పంటి విషయంలో ధనికులకూ పేదలకూ మధ్య నడిచిన పాత బేరం చాలా వికారమైనది. 18వ శతాబ్దపు లండన్‌లో పేదపిల్లల పళ్లు పీకి, అప్పటికప్పుడు ధనికుల చిగుళ్లలో నాటేవారు. పేరుమోసిన శస్త్రవైద్యుడు జాన్ హంటర్ ఆ పద్ధతికి ప్రచారం కల్పించాడు. థామస్ రోలండ్‌సన్ 1787లో గీసిన వ్యంగ్యచిత్రంలో, చిమ్నీలు తుడిచే కుర్రాడి పన్ను పక్కనే కూర్చున్న దొరసాని నోట్లోకి పోబోతుంటుంది. జర్మన్ తత్వవేత్త కాంట్ 1797లో ఈ వ్యవహారాన్నే ఉదాహరణగా తీసుకుని, ఇంకొకరి నోట్లో నాటడానికి తన పన్ను ఇచ్చుకోవడం గానీ అమ్ముకోవడం గానీ పాక్షికమైన ఆత్మహత్య అని తేల్చాడు. ఆయన మాట అక్షరాలా పట్టుకుంటే తమ్ముడికి కిడ్నీ ఇచ్చిన అక్క కూడా దోషే అవుతుంది కనుక అంతదూరం పోనక్కరలేదు. మనిషి శరీరం సంతలో సరుకు కాదన్న ముక్క మాత్రం నిలుస్తుంది.

ఆ గీటురాయి మీద చూస్తే లాస్ అల్గొదోనెస్ డాక్టరు అమ్ముతున్నది పన్ను కాదు, పనితనం. అద్దె తక్కువ, సిబ్బంది జీతాలు తక్కువ, తల మీద అమెరికా డాక్టరుకున్నట్టు లక్షల డాలర్ల చదువు అప్పు లేదు. ధర దిగడానికి ఇవి నిజాయతీ గల కారణాలే. ఆస్ట్రియా వాళ్లు సరిహద్దు దాటి హంగేరీలోని షోప్రోన్‌కు, మొషోన్‌మజ్యరోవార్‌కు పళ్ల కోసం వెళ్లడంలోనూ ఇదే లెక్క. దీన్ని దోపిడీ అనడం ఆ డాక్టర్లను చిన్నబుచ్చడమే. చిక్కు మరోచోట ఉంది. మంచి చేతులన్నీ డాలర్ల కోసం పనిచేస్తే, పిప్పిపన్నుతో వచ్చిన స్థానిక కూలీ ఎవరి దగ్గరకు పోవాలి? దానికి జవాబు చెప్పవలసింది గేటు దాటి వచ్చిన ముసలాయన కాదు, మెక్సికో ప్రభుత్వం.

పేషెంటు జవాబుదారీ తన శరీరం దగ్గర మొదలవుతుంది. స్వీడన్‌కు చెందిన వైద్యుడు బ్రోనెమార్క్ 1965లో మొదటిసారి ఒక మనిషి దవడలో టైటానియం ఇంప్లాంట్లు నాటాడు. లోహం ఎముకతో కలిసిపోవడానికి సాధారణంగా నెలలు పడుతుంది. అంటే చాలా కేసుల్లో రెండు ప్రయాణాలు తప్పవు. టర్కీలో వారం రోజుల ప్యాకేజీకి వెళ్లే బ్రిటిష్ యువతది ఇంకో కథ. పంటి మీద పలుచటి వెనీర్ అతికిస్తారనుకుని వెళ్లి, ఆరోగ్యంగా ఉన్న పళ్లను మొద్దుల్లా అరగదీయించుకుని క్యాపులతో తిరిగొచ్చినవాళ్లున్నారు. అరిగిన పన్ను మళ్లీ పెరగదు. నల్లగొండ జిల్లాలో బావినీళ్ల ఫ్లోరైడ్ వల్ల చిన్నప్పుడే పళ్లకు గోధుమరంగు చారలు పడి, పెద్దయ్యాక నోరు తెరిచి నవ్వడానికి మొహమాటపడినవాళ్లు ఎందరో. వెనీర్ అవసరం నిజంగా ఉన్నది వాళ్లకు.

డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో సెలవులకొచ్చి, హైదరాబాదులోనో విజయవాడలోనో రూట్ కెనాల్ చేయించుకుని పోయే తెలుగువాళ్లదీ ఇదే దారి. వాళ్లకున్న వెసులుబాటల్లా, పన్ను మళ్లీ సలిపితే డాక్టరుకు ఫోన్ చేసి తెలుగులో నిలదీయగలరు, అక్కడే ఉన్న అన్ననో వదిననో పంపించి అడిగించగలరు. కుర్చీలోంచి లేవగానే తెగిపోయే సంబంధం కాదు కదా వైద్యమంటే.

పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైనా ఒకటే కావచ్చు. కట్టించుకోవడానికి మాత్రం ఊరును చూసుకోవాలి. బయలుదేరేవాళ్లు ధరల పట్టిక కంటే ముందు ఈ సంగతులు తేల్చుకుంటే మంచిది: ఆరునెలల తర్వాత చీము పడితే ఎవరు చూస్తారు, ఎవరి ఖర్చుతో చూస్తారు, ఎక్స్‌రేలూ ఇంప్లాంటు కంపెనీ పేరూ లాట్ నంబరూ చేతికిస్తారా లేదా. ఇవన్నీ ముందే కాగితం మీద రాసివ్వని క్లినిక్ ఎంత చౌకైనా టికెట్ కొనకండి.