ముగ్గు దగ్గర చీమలు

చిన్నపిల్లలను ఇంట్లోనే చదివించుకుంటున్న అమ్మానాన్నలతో ఈ పూట నాలుగు మాటలు. హాల్లో ఓ మూల బల్ల వేసి, టైంటేబుల్ గోడకంటించి, బడినే ఇంటికి తెచ్చేస్తుంటాం. అయిదేళ్ల బిడ్డకు అదేమీ అక్కర్లేదు.

వాకిట్లో బియ్యప్పిండి ముగ్గు దగ్గర గొంతుకూర్చున్న పిల్లను చూడండి. చీమ తనకంటే బరువైన నూకను మోసుకుపోతోంది. పుల్ల అడ్డం పెడితే కాసేపు తికమకపడి, చుట్టూ తిరిగి మళ్లీ వరసలో కలుస్తుంది. "అమ్మా, దానికి దారెలా తెలిసింది?" చీమలు నడిచిన చోట వాసన వదులుతాయని మనకు తెలుసు. అయినా వెంటనే చెప్పేయకండి. "నీకేమనిపిస్తోంది?" అని అడగండి. ఊహించనివ్వండి, ఆ దారిని వేలితో తుడిచి ఏమవుతుందో చూడనివ్వండి. ఆ అరగంట వృథా కాదు, అసలు చదువే అది.

లెక్కలంటారా, వామనగుంటలున్నాయిగా! చెరో ఏడు గుంటలు, గుప్పెడు చింతపిక్కలు.

ఇలాంటి చదువునే నమ్మారు గుజరాత్‌కు చెందిన గిజుభాయి బధేకా. ఆయన వకీలు. కొడుకు పుట్టాక పసివాళ్ల చదువు మీద మనసుపడి, 1920లో భావ్‌నగర్‌లో బాలమందిరం తెరిచారు. ఆయన రాసిన 'దివాస్వప్న'లో మాస్టారు కథలు చెప్పి పిల్లలను దగ్గరకు తీసుకుంటాడు. మనింట్లో కథలు చెప్పే అమ్మమ్మలున్నారు, వాళ్లనూ పిలవండి.

ఇవాళ ఒక పాఠం తగ్గించి ఆ సమయం పిల్లలకే వదిలేయండి. ఒళ్లంతా మట్టి చేసుకొస్తే స్నానం చేయిద్దాం.