మొక్కకు నీళ్ళు పోస్తే ఎంతిస్తావు?

వేసవి సెలవులకు మా మనవడొచ్చాడు. పెరట్లో మొక్కలకు నీళ్ళు పోయరా అంటే కదలడే! పూటకు 10 రూపాయలిస్తానని ఆశపెట్టాను. నాలుగు రోజులు బుద్ధిగా పోశాడు. అయిదో రోజు చిల్లర లేదన్నాను. "అయితే చిల్లర దొరికినప్పుడే పోస్తాలే నానమ్మా" అని చెంబు అక్కడే పెట్టి ఆటకు పోయాడు. మొక్కలతోబాటు నా తెలివీ వాడిపోయింది.

తర్వాత కొన్నాళ్ళకు నేలకొండపల్లిలో మా అన్నయ్యగారింటికి వెళ్ళినప్పుడు ఈ ముచ్చట చెప్పి నవ్వాను. మా వదిన నవ్వలేదు. "మాకు ప్రభుత్వం ఇచ్చేదీ అలాంటిదే అంటావా వదినా?" అంది. రైతుల జట్టులో చేరి, వాళ్ళు రసాయనపు ఎరువులూ పురుగుమందులూ మానేసి రెండేళ్ళయింది.

నేలను పదిలంగా చూసుకునే రైతుకు డబ్బివ్వడం మనకొక్కరికే తట్టిన ఆలోచన కాదు. మట్టి కొట్టుకుపోయే పొలాన్ని దున్నకుండా గడ్డికో చెట్లకో వదిలేస్తే, పది పదిహేనేళ్ళపాటు ఏటా అద్దె కట్టే పద్ధతి అమెరికాలో 1985 చట్టంతో వచ్చింది. మన దేశంలో 2015లో 'పరంపరాగత్ కృషి వికాస్ యోజన' వచ్చింది. సేంద్రియ సాగుకు ఇటీవలి నిబంధనల ప్రకారం మూడేళ్ళకు కలిపి హెక్టారుకు 31,500 రూపాయల సాయం. అందులో నేరుగా రైతు ఖాతాలో పడేది 15,000. ఎకరానికి లెక్క వేస్తే ఏడాదికి సుమారు 2,000.

"నేలతల్లి అంటాం గదా, తల్లికి సేవ చేసి కూలి పుచ్చుకుంటామా?" అన్నాను, పెద్ద ధర్మసందేహం తీర్చమన్నట్టు.

"మంచిమాటే. మా చేలో విషం చల్లకపోతే ఆ నీళ్ళు తాగే గొడ్డుకు మేలు, వాలే పిట్టకు మేలు, చెరువు నమ్ముకున్న ఊరికి మేలు. దిగుబడి తగ్గిందా, నష్టం మాత్రం మా ఒక్కింటిది. మేలు పదిమందిదీ నష్టం ఒక్కరిదీ అయితే అది ఏ ధర్మం?"

నేను మాట్లాడలేకపోయాను. నీళ్ళు పోసినందువల్ల మా మనవడికి పోయేదేమీ లేదు. రైతు సంగతి అలా కాదు. సేంద్రియ పంట అని గుర్తింపు రావడానికే రెండు మూడేళ్ళు పడుతుంది. అంతదాకా పంట తగ్గినా మామూలు ధరకే అమ్ముకోవాలి. ఆ నడిమికాలంలో అందేది లంచం కాదు, ఆసరా.

అయినా లెక్క అడిగినంత మాత్రాన భక్తి తరిగిపోతుందా? ఆ ఊళ్ళోనే పుట్టిన కంచర్ల గోపన్న, మన రామదాసు, సర్కారు సొమ్ముతో భద్రాద్రి గుడి కట్టించి గోలకొండ చెరసాల పాలయ్యాడు. ఏ నగకు ఎంతయిందో రాముణ్ణే నిలదీసి పాడాడు. ఆయన భక్తి తక్కువదని ఎవరైనా అన్నారా?

మర్నాడు వదినతో చేనికి వెళ్ళాను. కలుపుమందు కొట్టకపోతే కలుపు చేత్తో తీయాల్సిందే. వంగి తీస్తున్నవాళ్ళంతా ఆడవాళ్ళే. ఇంటి దగ్గర పేడ, ఆవు పంచితం, బెల్లం, పప్పుపిండి కలిపి జీవామృతం తయారు చేసేదీ వదినే. డబ్బు పడే ఖాతా మాత్రం అన్నయ్యది, పట్టా ఆయన పేర ఉంది కాబట్టి. పక్క చేనుది మరో కథ. అతను కౌలుకు చేస్తున్నాడు. మూడేళ్ళు కష్టపడి నేలను గుల్లబరిచాక ఆసామి వెనక్కి అడిగితే, ఆ సారం ఎవరిదవుతుంది?

"ఇంతకీ నీకేమైనా వచ్చిందా వదినా?" అని అడిగాను.

"ఎందుకు రాలేదూ, నడుంనొప్పి వచ్చింది" అంది, ఈసారి నవ్వుతూ.

మంచిపనికి డబ్బిస్తే మంచితనం చెడుతుందని భయపడ్డాను గానీ, అసలు అడగవలసిన ప్రశ్న అది కాదేమో. ఇచ్చేది ఎవరి చేతికి అందుతోంది? వంగిన నడుముకా, కాగితం మీది పేరుకా?

ఇంటికొచ్చాక మనవడికి డబ్బు ఆశ చూపడం మానేశాను. "ఈ బెండమొక్కలు నీవిరా, కాసినవి నీ ఇష్టమొచ్చినవాళ్ళకిచ్చుకో" అన్నాను. మర్నాడు నేను లేచేసరికే పెరట్లో చెంబు చప్పుడు వినిపించింది.

నాది అన్న మాటలో అంత బలముంది. ఇరవై ఏళ్ళుగా ఆ చేలో వంగుతున్న మా వదిన పేర మాత్రం ఇంకా ఒక్క గుంట లేదు.