లోపించిన భాగమునకు కొలత

విరిగిన వస్తువును బాగుచేయుటకు నేర్పు చాలును. ఒక భాగమే లేని వస్తువును బాగుచేయుటకు నేర్పుతోకూడ న్యాయబుద్ధి కావలెను. ఏలయనగా, లేనిదానిని నింపువాడు దానిని తన యిష్టము చొప్పున నింపవచ్చును. నింపిన సంగతిని దాచనూవచ్చును.

రాయపూర్ నగరమునుండి బిలాస్‌పూర్ పోవు మార్గమున భన్‌పురి యను కార్మికవాడ గలదు. 1931లో విజయనగరము–రాయపూర్ రైలుమార్గము పూర్తియైన నాటినుండి ఆ నగరము తెలుగువారికి చేరువయ్యెను. భన్‌పురిలో ఇనుముతో పనిచేయు ఒకని యొద్దకు, చెప్పులు కుట్టి జీవించువాడొకడు పాత తోలుకుట్టు మిషను తెచ్చెననుకొందము. అది స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంకులో తయారైన సింగర్ 29కె. పోతయినుప దేహము చెక్కుచెదరలేదు. చక్రము తుప్పుపట్టినను తిరుగుచున్నది. షటిల్ మాత్రము లేదు. దానిని చేసిన కర్మాగారము 1885లో ఆరంభమై 1980లో మూతపడెను. కావున అచ్చటికి వ్రాసి అడుగుటకు వీలులేదు.

షటిల్ చిన్న వస్తువే. అయినను కుట్టంతయు దానిమీదనే ఆధారపడియున్నది. సూది తోలును గ్రుచ్చి క్రిందికి దిగి, మరల కొంచెము పైకి లేచునప్పుడు దారము చిన్న ఉచ్చుగా విచ్చుకొనును. ఆ క్షణమందే షటిల్ ముక్కు ఆ ఉచ్చులో దూరి, తన లోపలి బాబిన్ దారమును దానిగుండ కొనిపోవలెను. ముందైనను వెనుకైనను కుట్టు తప్పును. రెండు దారములు పెనవేసికొనుచోటు తోలు మందము నడుమ మరుగైయుండవలెను. పైకి తేలినయెడల రాపిడికి తెగును.

ఇట్టి భాగము లేనప్పుడు పనివాని యెదుట సులభమైన త్రోవలు మూడు కనబడును. చేతికి దొరికిన వేరొక షటిల్ పట్టునట్లు పాత గాడిని ఆకురాయితో అరగదీయుట మొదటిది. చక్కగా పనిచేయుచున్న మరియొక మిషనునుండి ఊడదీయుట రెండవది. క్రొత్తదానిచేసి, దానికి పాత రంగు పట్టించి, అసలుదేయని చెప్పుట మూడవది. మొదటిది మిగిలియున్నదానిని పాడుచేయును. రెండవది ఒకని జీవనమును నిలుపుటకు మరియొకని జీవనమును కూల్చును. మూడవది నమ్మినవానిని మోసగించును.

నాలుగవ త్రోవ ఆలస్యమైనది. షటిల్ పోయినను దాని కొలత పోలేదు. అది జారిన గాడి యున్నది. దానిని నడిపిన పళ్లచక్రములున్నవి. సూది దిగు స్థలమున్నది. లేనిదాని ఆకారమును ఉన్నవి చెప్పుచున్నవి. క్రొత్త ఉక్కును కొంచెము కొంచెముగా అరగదీయుచు, పెట్టి చూచుచు, మరల తీయుచు, గాడికి సరిపోవువరకు ఓపిక పట్టవలెను. చెడిన క్రొత్తదానిని మరల చేయవచ్చును. చెడిన పాతదానిని ఎవరు చేయగలరు? కాబట్టి క్రొత్తదే పాతదానికి లోబడవలెను.

యౌవనమున చెప్పులు కుట్టిన విలియం కేరీ సహచరులతో నడిపిన శేరాంపూరు ముద్రాశాల 1812 మార్చి 11న కాలిపోయెను. అనేక భాషల అచ్చక్షరములు కరిగిపోయెను. అయితే ఆ అక్షరములకు మూలమైన ఉక్కు అచ్చులు శిథిలములక్రింద చెడక దొరకెను. మిగిలిన అచ్చులను అనుసరించి, కరిగిన లోహమునే మరల అక్షరములుగా పోసిరి. ఆ ముద్రాశాలనుండియే 1818లో తెలుగు క్రొత్త నిబంధన వెలువడెను. కాలిన చేతివ్రాతలకు మాత్రము ఏ అచ్చును లేదు. వాటికై మరల శ్రమింపవలసివచ్చెను. పోయినదంతయు ఒకే రీతిగా తిరిగి రాదు.

అట్లయిన బాగుపడిన మిషను పూర్వపుదేనా? దేహముమీది సంఖ్య అది ఎచ్చట, ఏ కాలమున తయారైనదో తెలుపును. కాని ఆ సంఖ్య క్రొత్త షటిల్ పక్షమున సాక్ష్యము పలుకదు. ఆ సాక్ష్యము పనివాడే పలుకవలెను. “ఇది నేను చేసినది” అని యజమానునితో చెప్పినయెడల మిషను విలువ కొంత తగ్గవచ్చును. అతని మాట విలువ తగ్గదు.

మనుష్యుల మధ్యను ఇట్టి ఖాళీలు కలవు. తల్లి పోయిన యింటికి వచ్చిన రెండవ తల్లియు, ప్రియమైన ఉపాధ్యాయుడు విడిచిన బడికి వచ్చిన క్రొత్తవాడును అట్టి స్థలమందే నిలుచుచున్నారు. అచ్చటివారిని తమ ఆకారమునకు అరగదీయువారు కొందరు. పోయినవారివలె నటించువారు కొందరు. తాము వేరైనవారమని ఒప్పుకొనుచునే, ఆ స్థలము కోరు పనిని నేర్చుకొనువారు ధన్యులు. వారు నిలిచినచోట, తెగిన బ్రదుకులు మరల కలిసి కుట్టబడును; ముడి మాత్రము పైకి కనబడదు.