అదే కత్తి, రెండు తలలు

రెండేళ్ల కిందట కార్తీకమాసంలో నా చిన్ననాటి స్నేహితురాలు బెజవాడ కేశఖండనశాలలో తలనీలాలు ఇచ్చింది. కొడుకు జబ్బు నయమైతే ఇస్తానని దుర్గమ్మకు మొక్కుకుంది. కృష్ణలో స్నానం చేసి, తలకు గంధం రాసుకుని, కొండెక్కి దర్శనం చేసుకుంది. అంతవరకూ నాకు బాగానే ఉంది. తర్వాత ఆవిడ జుట్టు పెంచలేదు. నెలనెలా మళ్లీ గీయించుకుంటోంది. అదీ భర్త పోయిన మనిషి.

నేను పైకేమీ అనలేదు. మౌనమే మర్యాద అనుకున్నాను. కిందటి వేసవిలో ఉయ్యూరులో పెళ్లికి ఆటోలో వెళ్తుంటే మాత్రం, "కొంగు కప్పుకోవే, చలిగాలి తగులుతుంది" అనేశాను. వైశాఖమాసపు ఉక్కలో చలిగాలి ఎక్కడిది? ఆవిడ మారుమాట్లాడకుండా కొంగు తల మీదికి లాక్కుంది. ఆ చెయ్యి కదిలిన తీరు చూసి నా గుండె జారిపోయింది.

అలా కొంగు లాక్కునే చేతిని నేను చిన్నప్పుడు రోజూ చూశాను. అవనిగడ్డలో మా ఇంట్లో నాన్నగారి మేనత్త ఉండేది, మా అందరికీ అత్తమ్మ. కాపురానికి వెళ్లకముందే భర్త పోయాడు. దొడ్డివాకిట్లో కూర్చోబెట్టి ఆవిడ తల గొరిగించేవారు. శుభకార్యానికి బయల్దేరేవాళ్లకు ఎదురుపడకుండా గోడవారకు తప్పుకునేది. వీరేశలింగంగారు రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. ఆ తర్వాత ఎన్నో దశాబ్దాలకు కూడా మా దొడ్డిలోకి కత్తి వస్తూనే ఉంది.

కత్తి అదే, బోడితలా అదే. మరి ఒకటి పుణ్యం, ఇంకొకటి పాపం ఎలా అయ్యాయి? అమరావతి స్తూపానికి దానాలిచ్చిన భిక్షుణుల పేర్లు అక్కడి శాసనాల్లో ఉన్నాయి. వాళ్లూ తల గొరిగించుకున్నవాళ్లే. వాళ్ల పేర్లు రాయిమీద నిలిచాయి. మా అత్తమ్మను పేరుపెట్టి పిలిచినవాళ్లు నాకు గుర్తులేరు. తనంతట తాను వదులుకుంటే అది త్యాగం. ఇంకొకళ్లు ఒలిచి తీసుకుంటే దోపిడీ. దానికి ఏ శాస్త్రం చూపించినా దోపిడీయే. ఈ తేడా తలను చూస్తే తెలియదు, మనిషిని అడిగితే తెలుస్తుంది. నేను అడగలేదు. ఆవిడ ఇష్టంగా ఎంచుకున్నదాని మీద మా దొడ్డివాకిలి నీడ పరిచాను.

ఆ పెళ్లి మర్నాడు సత్యనారాయణపురంలో వాళ్లింటికి వెళ్లాను. "నిన్న నేను కప్పమన్నది నీ తలని కాదే, మా అత్తమ్మ తలని" అంటూ అంతా చెప్పాను. ఆవిడ చాలాసేపు నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. తర్వాత అంది: "మళ్లీ పెంచుకుంటే ఇచ్చింది వెనక్కి తీసుకున్నట్టు అనిపిస్తుందే. పొద్దున్నే అద్దంలో చూసుకుంటే పిల్లాడు బతికాడని గుర్తొస్తుంది."

స్నేహితుల జుట్టో గడ్డమో బొట్టో మనకు కంటగింపుగా ఉంటే వాళ్లకు సలహా చెప్పేముందు ఆ బాధ మనలోకి ఎక్కణ్ణించి వచ్చిందో వెతుక్కోవాలి. దొరికినదాన్ని మన కథగానే చెప్పుకోవాలి, వాళ్ల తప్పుగా కాదు. మాట దాచుకుంటే అది ఎప్పుడో ఒకప్పుడు ఆజ్ఞలా నోరుజారుతుంది.

ఇప్పటికీ ఆవిడ గుమ్మంలోకి రాగానే ఒక్క క్షణం నాకు కలుక్కుమంటుంది. ఆ బరువు నాది. దాన్ని ఆవిడ తలకెత్తను.