కషాయానికీ పాపం అంటుతుందా?

ఏ ప్రాణికీ హాని జరగకుండా పంట చేతికి రాదు. ఈ సంకటం మన పెద్దలకు తెలియనిది కాదు. మహాభారతం అరణ్యపర్వంలో మాంసం అమ్ముకుని బతికే ధర్మవ్యాధుడు బ్రాహ్మణుడైన కౌశికుడితో, సేద్యాన్ని మంచి వృత్తి అంటారు గానీ దున్నేటప్పుడు నేలలోని ప్రాణులెన్నో చస్తాయని చెబుతాడు. జైనులు హింసను నాలుగు రకాలుగా విడదీశారు. చంపాలన్న కోరికతో చేసే సంకల్ప హింసను గృహస్థు పూర్తిగా మానాలన్నారు. బతుకుతెరువులో తప్పనిసరయ్యే హింసను మాత్రం వీలైనంత తగ్గించుకోమన్నారు. కాబట్టి రైతు తేల్చుకోవలసింది హింస ఎంతవరకు, ఎక్కడ ఆపాలి అన్నదే. పురుగుమందుగా కొట్టే వేప కషాయాన్ని ఈ గీటురాయి మీదే పరీక్షించాలి.

కషాయంతో పురుగుకు బాధ ఉండదనడం నిజం కాదు. ఐదు కిలోల వేపగింజల పప్పు పొడిని పలచటి గుడ్డలో మూటగట్టి, రాత్రంతా నీళ్లలో నానబెడతారు. పొద్దున మూటను బాగా పిండి, వడగట్టి, కాస్త సబ్బుపొడి కలిపి, వంద లీటర్లకు సరిపెట్టి సాయంత్రం పూట కొడతారు. అందులోని అజాడిరాక్టిన్ వల్ల పురుగుకు ఆకు సహించదు, తిన్న పిల్లపురుగు కుబుసం విడవలేక చస్తుంది. ఆకలిచావు సుఖమైన చావేమీ కాదు. అయినా కషాయానికి ఒక హద్దుంది. దాని దెబ్బ ప్రధానంగా ఆకు తినే పురుగుకే తగులుతుంది. ఆ పురుగును పట్టి తినే సాలీడుకూ అక్షింతల పురుగుకూ అంత హాని ఉండదు. ఎండకు కొద్ది రోజుల్లోనే దాని పస పోతుంది. అవసరం తీరాక ఆగిపోయే హింసకూ, నేలలో నీళ్లలో ఏళ్ల తరబడి నిలిచే విషానికీ ధర్మం దృష్టిలో చాలా తేడా ఉంది.

అలాగని మొక్క నుంచి వచ్చిందల్లా పవిత్రం కాదు. పొగాకులోని నికోటిన్ మనిషికీ విషమే. కొన్ని మొక్కల వేళ్ల నుంచి తీసే రోటెనోన్ చేపలను చంపుతుంది. మందునైనా పుట్టుకను బట్టి కాక, చేసే పనిని బట్టే తూచాలి.

అప్పు తెచ్చి పంట వేసినవాడికి ఈ ధర్మసూక్ష్మాలు చెప్పడం న్యాయమా అని అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. పురుగు ముదిరాక కషాయం ఒక్కటే చేనును కాపాడలేదు. అప్పుడు ఘాటైన మందు కొట్టిన రైతును పాపి అనే హక్కు ఎవరికీ లేదు. కానీ పురుగు ఉందో లేదో చూడకుండా, తేదీ ప్రకారం కొట్టే మందు అవసరం వల్ల జరిగే హింస కాదు, అలవాటు వల్ల జరిగేది. రైతు అప్పును పెంచేవాటిలో అదీ ఒకటి. పాల్వంచ దగ్గరి పునుకుల గ్రామం పత్తి, మిరప పండిస్తూనే 2004 నాటికి రసాయన పురుగుమందులు మానేసింది. అక్కడివాళ్లు వేపగింజలను నమ్ముకున్నారు, అంతకంటే ముందు చేనును గమనించడం నేర్చుకున్నారు. పంపు భుజానికెత్తుకునే ముందు నాలుగు మొక్కల ఆకులు తిప్పి చూడండి. గుడ్లున్నాయా, పురుగుందా, దాన్ని తినే పురుగుందా చూసుకున్నాకే కషాయమైనా కొట్టండి. సేద్యంలో అహింస అంటే ఈ నిగ్రహమే.